జోలెలోంచి వచ్చిన పాట

బెల్లం మార్కెట్లో దిమ్మలు దిగుతున్నంతసేపూ అనకాపల్లి బేరాల ఊరు. పొద్దువాలాక ఏ వీధిలోనో షామియానా లేచి, మైకు సెట్టు కుర్రాడు గొంతు సవరించుకున్నాడంటే అదే పాటల ఊరు. ఉగాది ముందు కొత్త అమావాస్యకు మొదలయ్యే నూకాంబిక జాతర నెల్లాళ్లు సాగుతుంది. గవరపాలెంలో గౌరీపరమేశ్వరుల సంబరం సరేసరి. అమ్మవారికి ఊరేగింపు ఎలాగో, జనానికి స్టేజీ మీద ఆర్కెస్ట్రా అలాగ. తమాషా ఏమిటంటే అమ్మవారి పూలకీ, ఆర్కెస్ట్రా వాళ్ల అడ్వాన్సుకీ డబ్బు ఒకే చందా రశీదు పుస్తకంలోంచి వస్తుంది.

ఆ ఆర్కెస్ట్రా ఏ పాటతో మొదలెట్టినా, కాస్త రాత్రయ్యేసరికి ఘంటసాల దగ్గరికి రాక తప్పదు. డిసెంబర్ 4న జయంతి, ఫిబ్రవరి 11న వర్ధంతి. ఈ రెండు తేదీల చుట్టూ తెలుగునాట ఎన్ని ఊళ్లలో సంగీత విభావరులు జరుగుతాయో లెక్కపెట్టడం కష్టం. పగలు బ్యాంకులోనో బడిలోనో పనిచేసి, సాయంత్రం తెల్లపంచె కట్టుకుని ‘మా ఊరి ఘంటసాల’ అయిపోయే గాయకులు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. ఇంగ్లీషువాళ్లు ట్రిబ్యూట్ బ్యాండ్ అని పేరు పెట్టుకున్నదాన్ని మనవాళ్లు ఆరాధన అన్నారు. ఆ మాట వెనక పెద్ద కథే ఉంది.

కావేరి ఒడ్డున తిరువయ్యారులో త్యాగరాజ సమాధి పాడుబడి ఉందని బెంగళూరు నాగరత్నమ్మకు ఆమె గురువు బిడారం కృష్ణప్ప ఉత్తరం రాశారు. అప్పటికే ఆమె మద్రాసులో పేరు మోసిన గాయని. కవయిత్రి ముద్దుపళని కావ్యం ‘రాధికా సాంత్వనము’ను 1910లో అచ్చు వేయించి, ప్రభుత్వ నిషేధాన్ని ఎదుర్కొన్న మనిషి కూడా ఆవిడే. కచేరీల మీద ఆర్జించిన సొమ్ము తీసి సమాధి చుట్టూ స్థలం కొన్నారు. 1921లో గుడికి పునాది పడింది, 1925 జనవరిలో కుంభాభిషేకం జరిగింది. ఇంత చేసిన ఆవిడను అక్కడి పెద్దలు ఆరాధనలో పాడనివ్వలేదు, స్త్రీలు పాడే రివాజు లేదన్నారు. దాంతో ఆవిడ ఆడవాళ్ల ఆరాధన వేరే పెట్టించారు. చివరికి వేర్వేరుగా ఆరాధన జరుపుతున్న వర్గాలన్నీ ఒక్కటై, ఇప్పుడు మనం చూసే ఉత్సవం నిలిచింది. ఒక కళాకారుడి పేరున పాడటం, ఆ పాట సంపాదించిన డబ్బుతో కళకు ఒక చోటు కట్టడం అనే పద్ధతికి మన భాష పాటలతోనే ఇంత గట్టి ఉదాహరణ ఉంది.

అనకాపల్లి నుంచి రైలెక్కి ఉత్తరానికి వెళ్తే విజయనగరం. అక్కడ 1919లో పూసపాటి విజయరామ గజపతిరాజు సంగీత కళాశాల పెట్టారు. కొలువులో ఉన్న ఒక ఉద్యోగి కొడుక్కి చూపు లేదు, ఆ పిల్లవాడికి సంగీతం చెప్పించాలన్న ఆలోచనే కళాశాల అయిందని చెబుతారు. తొలి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ఆయన తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు.

ద్వారం వారి కాలంలో గుడివాడ దగ్గరి చౌటపల్లి నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. తండ్రి లేడు. ఉన్న ఉంగరం అమ్ముకుని ఛార్జీలు పెట్టుకున్నాడు. తీరా వస్తే కళాశాలకు వేసవి సెలవులు! ఉండటానికి చోటు దొరికినా, తోటివాళ్లు చేసిన తప్పు తన మీద పడి అదీ పోయింది. పట్రాయని సీతారామశాస్త్రి చేరదీసి, పైసా తీసుకోకుండా పాఠం చెప్పారు. ఆయనదీ కలిగిన ఇల్లేమీ కాదు. అందుకని కుర్రాడు భుజాన జోలె వేసుకుని మధూకరానికి బయల్దేరాడు. ఏ ఇంట్లో ఏది పెడితే అది తీసుకోవడం, ఆ అన్నం తిని సాధన చేసుకోవడం. ఆ కుర్రాడే ఘంటసాల వెంకటేశ్వరరావు.

మధూకరాన్ని బిచ్చంగా చూస్తే పొరపాటే. తుమ్మెద పువ్వు నలగకుండా తేనె తీసుకున్నట్టు, ఏ ఇంటికీ బరువు కాకుండా తలా ఇంత పెట్టి చదువుకునే పిల్లవాణ్ణి బతికించే ఏర్పాటది. ఇప్పటి భాషలో చెప్పాలంటే విజయనగరం గృహిణులు నడిపిన స్కాలర్‌షిప్పు. కమిటీ లేదు, రశీదు లేదు, ఫొటో అసలే లేదు. ఇవాళ ఘంటసాల పేరున టిక్కెట్టు పెట్టి, వచ్చిన డబ్బు సంగీతం నేర్చుకునే పిల్లలకు ఇస్తామని ఎవరైనా అంటే అది కొత్త ఆలోచనేం కాదు, వీధి పెట్టిన అన్నం తిరిగి వీధికే చేరడం.

నాటకాల వాళ్లు దీన్నే బెనిఫిట్ అన్నారు. బడి కట్టాలన్నా, జబ్బుపడ్డ నటుణ్ణి ఆదుకోవాలన్నా ఒక రాత్రి నాటకం ఆడి వసూలు ఇచ్చేసేవారు. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తితే ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊళ్లు తిరిగారు. అలాంటి బెనిఫిట్ అనే మాట ఇప్పుడు ఎక్కడ తేలిందో చూడండి. అర్ధరాత్రి దాటాక, మామూలు రేటుకు ఎన్నో రెట్లు పోసి అభిమానులు చూసే కొత్త సినిమా ఆట. బెనిఫిట్ ఎవరికి అని ఎవరూ అడగరు.

మంచి మనసుతో చేసిన కచేరీకైనా లెక్క ముఖ్యమని చెప్పే ఉదంతం ఒకటుంది. 1971 ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రవిశంకర్, జార్జ్ హారిసన్ కలిసి బంగ్లాదేశ్ శరణార్థుల కోసం కచేరీ చేశారు. రెండు ఆటలు, దాదాపు 40,000 మంది జనం. టిక్కెట్ల మీద వచ్చిన సుమారు 2,43,000 డాలర్లు యునిసెఫ్‌కు వెళ్లాయి. ఆ తర్వాత రికార్డుల మీదా సినిమా మీదా వచ్చిన సొమ్ము మాత్రం ఏళ్ల తరబడి పన్నుల చిక్కులో పడింది. ముందుగా కాగితాలు సరిచూసుకోకపోవడమే కారణం. అదే ఏడాది మన ఘంటసాల కూడా అమెరికా వెళ్లి అక్కడి తెలుగువాళ్ల ముందు పాడారు. విదేశాల్లో తెలుగు సంఘాలు విభావరి పెట్టి, కూచిపూడి తరగతులకో తెలుగు బడికో నిధి పోగుచేసే అలవాటు ఆ తర్వాతి దశాబ్దాల్లో బాగా స్థిరపడింది.

మన ఊళ్ల విభావరుల్లో లెక్క ఇంకోలా తప్పుతుంది. పాట నాలుగు నిమిషాలు, సన్మానం నలభై నిమిషాలు. శాలువాలు, మెమెంటోలు, వేదిక మీద కూర్చున్న ప్రతివాడి పేరూ రెండుసార్లు చదవడం. ఆ శాలువాల ఖర్చుతో ఒక హార్మోనియం వచ్చేదేమో! ఇంకో సంగతి, కరోకే. ఒకప్పుడు ఘంటసాల పాట స్టేజీ ఎక్కాలంటే తబలా, డోలక్, ఫ్లూటు, వయొలిన్, క్లారినెట్ కావాలి. ఒక్క రాత్రి పదిమంది పక్కవాద్యాల వాళ్లకు కూలి గిట్టేది. ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో ట్రాక్ ఉంటే చాలు. గాయకుడికి సులువే, నిర్వాహకుడికి ఇంకా సులువు. తబలా కొట్టేవాడు మాత్రం ఇంటి దగ్గరే ఉండిపోతాడు. కళల కోసమని పెట్టిన కచేరీ కళాకారుడి పొట్టే కొడితే వచ్చిన నిధి ఎవరి కోసం? అసలైన వాద్యాలతో జరిగిన విభావరికి ఖర్చు ఎక్కువే గానీ, ఆ ఖర్చులోనే సగం సాయం ఉంది.

అనకాపల్లికి ఈ విషయంలో ఒక సొంత చుట్టరికం కూడా ఉంది. సిరివెన్నెల సీతారామశాస్త్రి పదో తరగతి వరకూ ఈ ఊళ్లోనే చదువుకున్నారు. 1986లో వచ్చిన ‘సిరివెన్నెల’ సినిమా ఇంటిపేరైపోయి, మూడువేల పైచిలుకు పాటలు రాసి, 2019లో పద్మశ్రీ అందుకుని, 2021 నవంబర్ 30న వెళ్లిపోయారు. ఘంటసాల విభావరుల పక్కన ఇప్పుడు సిరివెన్నెల విభావరులూ మొదలయ్యాయి. అనకాపల్లి 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లా కేంద్రమై కొత్త హోదా వచ్చిన ఊరు. కలెక్టరాఫీసు వచ్చింది, బోర్డులు మారాయి. సాయంత్రం పూట పిల్లలకు వయొలిన్ చెప్పేవాళ్లకు అద్దె కట్టే చోటు కూడా రావాలి. దాన్ని ఒక సిరివెన్నెల సాయంత్రం తేగలిగితే అంతకన్నా తగిన జమాఖర్చు ఉండదు.

ఘంటసాల మాత్రం తన బాకీని తనదైన పద్ధతిలో తీర్చుకున్నారు. మద్రాసులో నిలదొక్కుకున్నాక, గురువు పట్రాయని సీతారామశాస్త్రి గారి కొడుకు సంగీతరావును పిలిపించుకున్నారు. 1974లో కన్నుమూసేదాకా ఆయన్నే సహాయకుడిగా పెట్టుకున్నారు. ఆ తర్వాత సంగీతరావు వెంపటి చినసత్యం కూచిపూడి నృత్యనాటకాలకు సంగీతం సమకూర్చారు. నూరేళ్లు నిండాక 2021లో పోయారు. విజయనగరంలో జోలె పట్టిన కుర్రాడికి తండ్రి స్వరాలు చెప్పిన ఆ ఇంటి నుంచే, అదే కుర్రాడి పాటకు అన్నేళ్లూ హార్మోనియం పలికింది.