సరిహద్దు దగ్గర నర్సు పట్టా

ఒక దేశంలో చదివి ఉత్తీర్ణురాలైన నర్సును మరో దేశం నర్సుగా అంగీకరించాలా వద్దా అన్న ప్రశ్నకు వందేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది గానీ, ఆ ప్రశ్న పుట్టడానికి ముందు మరొకటి జరగవలసివచ్చింది. అసలు నర్సు అంటే ఎవరో ఏదో ఒక దేశం చట్టంలో రాసిపెట్టాలి. 19వ శతాబ్దం చివరిదాకా ఆ పని ఎక్కడా జరగలేదు. ఆస్పత్రిలో మూడేళ్ళు శిక్షణ పొందిన స్త్రీ, ఏ శిక్షణా లేకుండా రోగుల మంచాల పక్కన కూర్చొని కూలి తీసుకొనే స్త్రీ, ఇద్దరూ ఒకే పేరుతో చెలామణి అయ్యేవారు. ఈ తేడాను తేల్చడానికి వచ్చిన సాధనం రిజిస్టరు, అంటే చట్టబద్ధమైన ఒక సంఘం నిర్వహించే పేర్ల పట్టిక. అందులో పేరున్నవారికే వృత్తి బిరుదు వాడుకొనే హక్కు, పేరు తొలగిస్తే ఆ హక్కు పోతుంది. దక్షిణాఫ్రికాలోని కేప్ కాలనీ 1891లో వైద్యుల చట్టంలోనే నర్సుల నమోదుకు చోటు కల్పించగా, న్యూజిలాండ్ 1901లో కేవలం నర్సుల కోసమే ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది, మరుసటి ఏడాది జనవరిలో ఎలెన్ డోహర్టీ అనే నర్సు పేరు ఆ పట్టికలో మొదటిదిగా ఎక్కింది.

ఇంగ్లండులో ఇదే కోరిక నెరవేరడానికి 30 ఏళ్ళకు పైగా పట్టింది. లండన్‌లోని సెయింట్ బార్తొలొమ్యూ ఆస్పత్రికి చిన్న వయసులోనే మేట్రన్‌గా పనిచేసి, పెళ్ళితో ఆ ఉద్యోగం వదులుకున్న ఎథెల్ బెడ్‌ఫోర్డ్ ఫెన్విక్, 1887లో బ్రిటిష్ నర్సుల సంఘాన్ని స్థాపించి నమోదు కోసం పట్టుబట్టగా, ఆమెకు ఎదురునిలిచినవారిలో అందరికంటే పెద్ద పేరు ఫ్లారెన్స్ నైటింగేల్‌ది. మంచి నర్సుకు కావలసిన శీలాన్ని, ఓర్పును పరీక్ష పెట్టి కొలవలేమని, పేరు పట్టికలో ఉన్నంత మాత్రాన ఆమె మంచి నర్సని జనం భ్రమపడతారని నైటింగేల్ వాదించింది. ఆ వాదన ఓడిపోయింది. నిజానికి ఓడిపోవలసిందే, ఎందుకంటే దాన్ని ఒప్పుకొని ఉంటే నర్సింగ్ ఒక వృత్తిగా కాక దయగల స్త్రీల స్వభావంగానే మిగిలిపోయేది. అయినా కాగితం మనిషిని కొలవగలదా అన్న ఆమె సందేహం మాత్రం తరవాతి వందేళ్ళలో ప్రతి దేశపు సరిహద్దు దగ్గరా వేరు వేరు రూపాల్లో తిరిగి తిరిగి తలెత్తుతూనే వచ్చింది.

1919లో వచ్చిన బ్రిటిష్ నర్సుల నమోదు చట్టం జనరల్ నర్సింగ్ కౌన్సిల్ అనే సంఘాన్ని ఏర్పరచి, సాధారణ నర్సులకు ఒక పట్టిక పెట్టి, పురుష నర్సులను, మానసిక రోగుల నర్సులను, పిల్లల నర్సులను వేరే భాగాల్లో ఉంచింది. అదే చట్టం సామ్రాజ్యంలోని ఇతర ప్రాంతాల్లో శిక్షణ పొందినవారి గురించి ఒక ఏర్పాటు చేసింది: ఆ ప్రాంతంలో నర్సుల రిజిస్టరు ఉండి, అక్కడి శిక్షణ ప్రమాణం ఇక్కడిదానికి తీసిపోకుండా ఉండి, బ్రిటన్‌లో నమోదైన నర్సులను ఆ ప్రాంతం తన పట్టికలో చేర్చుకొనేందుకు ఒప్పుకుంటే, అక్కడి నర్సులను బ్రిటన్ కూడా చేర్చుకొంటుంది. దీన్నే పరస్పర గుర్తింపు అంటారు. ఇందులో గమనించవలసిన సంగతి ఏమిటంటే, నర్సు తన చదువును విడిగా నిరూపించుకోనక్కరలేదు. ఆమె చదివిన దేశానికి, వెళ్ళే దేశానికి మధ్య కుదిరిన ఒప్పందమే ఆమె తరఫున మాట్లాడుతుంది, ఆమె తన సర్టిఫికెట్టు, రుసుము తీసుకెళితే చాలు. ఒప్పందం లేని ప్రాంతం నుంచి వచ్చిన నర్సు ఎంత సమర్థురాలైనా ఈ దారి ఆమెకు మూసి ఉండేది.

భారతదేశంలో పరిస్థితి ముక్కలు ముక్కలుగా ఉండేది. ఆస్పత్రుల్లో శిక్షణ ఇవ్వడంలో క్రైస్తవ మిషన్లు ముందుండేవి. తెలుగు ప్రాంతంలో డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో గుంటూరులో ప్రారంభించిన మహిళల ఆస్పత్రి వంటివి స్థానిక యువతులకు ఈ పని నేర్పాయి. పెళ్ళికాని ఆడపిల్ల పరాయి మగవాడి ఒంటిని తాకవలసిన ఈ ఉద్యోగాన్ని అగ్రకుల హిందూ, ముస్లిం కుటుంబాలు చాలాకాలం దూరంగా ఉంచినందువల్ల, విద్యార్థినుల్లో ఎక్కువమంది క్రైస్తవ, దళిత కుటుంబాలవారు కావడం, దరిమిలా విదేశాలకు వెళ్ళిన నర్సుల సామాజిక నేపథ్యాన్ని కూడా కొంతవరకు నిర్ణయించింది. మద్రాసు ప్రెసిడెన్సీ 1926లో నర్సుల, మంత్రసానుల చట్టం తెచ్చి తన కౌన్సిల్‌ను ఏర్పరచుకోగా కోస్తా, రాయలసీమ జిల్లాలు దాని పరిధిలోకి వచ్చాయి. నిజాం ఏలుబడిలోని తెలంగాణ దాని వెలుపల ఉండిపోయింది. బొంబాయికి, బెంగాల్‌కు వేరే చట్టాలు, వేరే ప్రమాణాలు ఉండడంతో, మద్రాసులో నమోదైన నర్సు కలకత్తాలో పనిచేయాలన్నా కొత్తగా అర్జీ పెట్టుకోవలసివచ్చేది. దేశంలోనే ఒక ప్రాంతపు పట్టా మరో ప్రాంతంలో చెల్లనప్పుడు, సముద్రాలు దాటి దాన్ని చెల్లుబాటు చేయమని అడగడానికి భారతదేశానికి గట్టి గొంతు లేదు.

1947 డిసెంబరు 31న వచ్చిన భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం మొదట సరిదిద్దింది ఈ లోపాన్నే. షెడ్యూలులో చేరిన అర్హత ఉన్నవారిని ఏ రాష్ట్రంలోనైనా నమోదు చేసుకోవచ్చని చెప్పడంతోపాటు, విదేశాల్లో నర్సుల రిజిస్టరు నిర్వహించే సంస్థలతో పరస్పర గుర్తింపు కోసం చర్చలు జరిపే అధికారాన్ని అది కౌన్సిల్‌కు ఇచ్చింది. కొత్తగా స్వతంత్రమైన దేశం ఇతర దేశాలతో సమాన స్థాయిలో కూర్చొని మాట్లాడగలదన్న నమ్మకం ఆ నిబంధనలో కనిపిస్తుంది. కానీ అప్పటికే ప్రపంచం పరస్పర గుర్తింపు నుంచి పక్కకు జరగడం మొదలుపెట్టింది.

1948లో బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ ఏర్పడి ఆస్పత్రుల మంచాలకు సరిపడా చేతులు దొరకకపోవడంతో, ప్రభుత్వం కరీబియన్ దీవుల నుంచి యువతులను శిక్షణకు పిలిపించింది. అప్పటికి బ్రిటన్‌లో నర్సుల్లో రెండు అంతస్తులుండేవి: మూడేళ్ళ శిక్షణతో స్టేట్ రిజిస్టర్డ్ నర్సు, 1943 చట్టంతో వచ్చిన రెండేళ్ళ శిక్షణతో స్టేట్ ఎన్‌రోల్డ్ నర్సు. కరీబియన్ యువతుల్లో అనేకులను, చాలా సందర్భాల్లో తేడా ఏమిటో చెప్పకుండానే, రెండో తరగతిలోకి పంపారు. బెడ్‌పాన్లు కడగడం దగ్గర నుంచి రాత్రి డ్యూటీల దాకా ఇద్దరూ ఒకే వార్డులో పక్కపక్కనే పనిచేసినా, రెండో తరగతివారికి వార్డు సిస్టర్ పదవికి పదోన్నతి ఉండేది కాదు, పైగా తిరిగి సొంత దీవికి వెళితే అక్కడి రిజిస్టరు ఆ పట్టాను ఒప్పుకొనేది కాదు. గుర్తింపు సమస్యను సాధారణంగా వలస వచ్చిన దేశపు గుమ్మం దగ్గర చూస్తారు. ఈ స్త్రీల విషయంలో అది ఇంటి గుమ్మం దగ్గర ఎదురైంది.

అమెరికా కథ ఇంకో రకం. అక్కడ నర్సుల అనుమతిపత్రం కేంద్రం ఇచ్చేది కాదు, ప్రతి రాష్ట్రానికీ సొంత బోర్డు ఉండేది. 1944 నుంచి మాత్రం ఉమ్మడి ప్రశ్నపత్రం నడిచింది. 1948లో మొదలైన విద్యా వినిమయ పథకం కింద రెండేళ్ళ కోసం వచ్చిన విదేశీ నర్సుల్లో ఫిలిప్పీన్స్ వారే అధికులు. అమెరికా పాలనలో ఆ దీవుల్లో వెలిసిన నర్సింగ్ బడులు అమెరికన్ పాఠ్యక్రమాన్నే ఇంగ్లీషులో చెప్పడం అందుకు కారణం. వారిని చదువుకోవడానికి వచ్చినవారుగా లెక్కగట్టి చాలా ఆస్పత్రులు చిన్న భత్యంతో పూర్తి నర్సు పనిని చేయించుకున్నాయి. 1965 వలస చట్టం స్థిరనివాసానికి దారి తెరిచాక పరీక్ష రాసేవారి సంఖ్య పెరిగింది. 1970లలో విదేశీ నర్సుల్లో అత్యధికులు తొలి ప్రయత్నంలో తప్పారు, తప్పినవారు చేతిలో డిగ్రీ ఉండి కూడా సహాయకులుగా మిగిలారు. దేశంలోకి వచ్చాక తప్పడం కంటే రాకముందే వడపోయడం మేలన్న ఆలోచనతో 1977లో విదేశీ నర్సింగ్ పట్టభద్రుల కమిషన్ ఏర్పడి, మరుసటి ఏడాది నుంచి అభ్యర్థుల దేశాల్లోనే ముందస్తు పరీక్ష పెట్టింది. రాష్ట్ర బోర్డుల ఉమ్మడి పరీక్ష 1982లో ఎన్‌క్లెక్స్ అనే పేరుతో మారి, 1994లో కంప్యూటరు మీదికి వచ్చింది. అభ్యర్థి ఇచ్చిన సమాధానాన్ని బట్టి తరవాతి ప్రశ్న తేలికో కఠినమో అవుతుంది. 2005కు ముందు దాన్ని అమెరికా భూభాగంలోనే రాయవలసి ఉండేది కాబట్టి ఫిలిప్పీన్స్ నర్సులు గ్వామ్, సైపాన్ దీవులకు విమానం ఎక్కేవారు. అటుపైన విదేశాల్లో తెరిచిన కేంద్రాల్లో హైదరాబాదు కూడా చేరింది.

ఈ క్రమంలో జరిగిన మార్పు పెద్దది. ఒకప్పుడు రెండు దేశాల మధ్య ఉన్న బాధ్యత ఒక్కొక్క నర్సు భుజాల మీదికి దిగింది: పత్రాల పరిశీలన రుసుము, భాషా పరీక్ష రుసుము, పరీక్ష రుసుము, కోచింగ్ ఖర్చు, వీటిలో ఏదైనా తప్పితే మళ్ళీ మొత్తం. దేశానికి నర్సుల కొరత ఉన్నప్పుడు తలుపు సులభంగా తెరుచుకొని, కొరత తీరగానే ప్రమాణాల పేరుతో బిగుసుకుపోయే తీరు బ్రిటన్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. 1990ల చివర, 2000ల మొదట్లో వచ్చిన భారతీయ, ఫిలిప్పీన్స్ నర్సులు పర్యవేక్షణలో కొన్ని నెలల సర్దుబాటు శిక్షణ పూర్తిచేస్తే నమోదయ్యేవారు. ఆ శిక్షణ స్థానాల కొరతను అడ్డం పెట్టుకొని డబ్బు గుంజిన మధ్యవర్తులు ఉండేవారు. 2005లో నియమాలు కట్టుదిట్టమయ్యాయి, 2007లో ఇంగ్లీషు పరీక్ష నాలుగు విభాగాల్లోనూ 7 మార్కులు తప్పనిసరైంది, 2014లో సర్దుబాటు స్థానంలో రెండంచెల పరీక్ష వచ్చింది, తిరిగి కొరత ముంచుకొచ్చాక 2018లో రాత విభాగానికి 6.5 సరిపోతుందన్నారు. ఇదే కాలంలో ఐరోపా సమాజపు 1977 నాటి ఆదేశాల ప్రకారం మూడేళ్ళు లేదా 4,600 గంటల శిక్షణ ఉన్న ఐరోపా నర్సులు ఏ పరీక్షా లేకుండా, 2016 దాకా భాషా పరీక్ష కూడా లేకుండా బ్రిటిష్ రిజిస్టరులో చేరిపోయారు. అంటే పరస్పర గుర్తింపు మాయమైపోలేదు, కొద్దిమంది ఇరుగుపొరుగుల మధ్యే మిగిలింది.

బ్రిటన్ రెండో అంచె పరీక్షలో అభ్యర్థి వరసగా కొన్ని గదుల్లోకి వెళ్ళి, రోగి వేషంలో ఉన్న మనిషినో బొమ్మనో పరిశీలించి, సంరక్షణ పథకం రాసి, మందు ఇచ్చి, ఫలితాన్ని అప్పగించాలి. చేతులు కడుక్కోవడం నుంచి రోగి పేరు, పుట్టిన తేదీ సరిచూడడం వరకు ప్రతి అడుగూ పైకి చెబుతూ చేయాలి. విజయవాడ, హైదరాబాదు ఆస్పత్రుల్లో ఒక షిఫ్టులో పదుల సంఖ్యలో రోగులను చూసుకొన్న నర్సు చేతులకు ఈ పనులన్నీ తెలిసినవే, మౌనంగా చకచకా చేసేయడమే ఆమెకు అలవాటు. గడియారం ఎదురుగా పెట్టుకొని మాట్లాడుతూ చేయడం కొత్త. తీరా నమోదయ్యాక, ఇక్కడ రోజూ చేసిన సెలైన్ సూది గుచ్చే పని కూడా అక్కడి ఆస్పత్రి విడిగా శిక్షణ ఇచ్చి సంతకం పెట్టేదాకా చేయనివ్వకపోవడం మామూలే.

ఈ కొలతల్లో భాష ఎంత బరువు తూగుతుందో జపాన్ చూపించింది. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్‌లతో కుదిరిన ఆర్థిక ఒప్పందాల కింద 2008 నుంచి వచ్చిన నర్సులు మూడేళ్ళలోపు జపాన్ జాతీయ పరీక్షను జపనీస్‌లోనే రాసి గెలవాలి. 2009లో రాసినవారిలో ఒక్కరూ గెలవలేదు, 2010లో గెలిచినవారు ముగ్గురు. స్వదేశంలో అనుభవజ్ఞులైన నర్సులు వారు. వారిని నిలిపింది లిపి. ఆ తరవాత కఠినమైన అక్షరాలకు ఉచ్చారణ పక్కన రాయడం, వ్యాధుల పేర్లు ఇంగ్లీషులో కూడా ఇవ్వడం మొదలైంది.

భారతదేశం నుంచి వెళ్ళేవారికి అసలు పరీక్ష కంటే ముందు పత్రాల పరీక్ష ఉంటుంది. విదేశీ సంస్థలు చాలావరకు సర్టిఫికెట్టు నకలును అభ్యర్థి చేతుల మీదుగా తీసుకోవు. చదివిన బడి ప్రిన్సిపాలు, నమోదు చేసిన రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రారు సంతకం, ముద్ర వేసి నేరుగా పంపాలి. ఆ పత్రంలో ఒక్కొక్క విభాగానికి తరగతి గంటలెన్ని, వార్డు గంటలెన్ని అని విడివిడిగా అడుగుతారు. జి.ఎన్.ఎం. (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ) బడి ఎప్పుడో మూతపడి రికార్డులు దొరకకపోయినా, ఇంటిపేరు పదో తరగతి పత్రంలో ఒకలా పెళ్ళయ్యాక పాస్‌పోర్టులో మరోలా ఉన్నా, ఫైలు ఆగిపోతుంది. పాత పాఠ్యక్రమంలో మగ విద్యార్థులకు ప్రసూతి శిక్షణ బదులు వేరే శిక్షణ ఇచ్చిన కారణంగా, ఎంతో అనుభవమున్న పురుష నర్సులకు ఆ గంటలు తక్కువయ్యాయని అమెరికా బోర్డులు అభ్యంతరం చెప్పాయి. 2014లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విడిపోయాక, ఏ కౌన్సిల్ రికార్డు ఎక్కడుందో తెలుసుకోవడమూ అభ్యర్థి పనిలో భాగమైంది.

గల్ఫ్ దేశాలు ఈ పరిశీలనను ప్రైవేటు సంస్థలకు అప్పగించి, కంప్యూటరు పరీక్షతో సరిపెట్టుకొన్నాయి. నియామకాల్లో మోసాలు పెరగడంతో భారత ప్రభుత్వం 2015లో 18 దేశాలకు నర్సుల ఎంపికను రాష్ట్ర ప్రభుత్వ సంస్థల ద్వారానే జరపాలని నిర్దేశించింది; కేరళకు అటువంటి యంత్రాంగం ముందే ఉంది, తెలుగు రాష్ట్రాలు ఆ దారిలో ఆలస్యంగా నడిచాయి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఇప్పుడు జర్మనీకి వెళ్ళాలనుకొనే నర్సులకు ముందు జర్మన్ భాష నేర్పిస్తోంది, ఎందుకంటే 2012 గుర్తింపు చట్టం ప్రకారం అక్కడి అధికారులు ఏ విభాగంలో శిక్షణ తక్కువైందో రాతపూర్వకంగా చెప్పి, ఆ లోటును అదనపు శిక్షణతోనో పరీక్షతోనో పూడ్చుకొనే అవకాశం ఇస్తారు, అవన్నీ జరిగేది జర్మన్‌లోనే. ఇక 1947 చట్టం స్థానంలో 2023లో భారత పార్లమెంటు ఆమోదించిన జాతీయ నర్సింగ్, మంత్రసాని కమిషన్ చట్టం దేశమంతటికీ ఒకే జాతీయ రిజిస్టరు ఉండాలని నిర్దేశించింది. విదేశాల్లో చదివి ఇక్కడికి వచ్చే నర్సుల పట్టాలను ఏ ప్రాతిపదికన ఒప్పుకోవాలో తేల్చవలసిన బాధ్యత కూడా దానితోపాటు ఆ కమిషన్ మీద పడింది.