బాక్ దాంగ్ నదిలో ఆటు వేళ

క్రీ.శ. 937. ఉత్తర వియత్నాంను ఏలుతున్న సైనిక పాలకుడు జువాంగ్ దిన్ న్గేను ఆయన కింద పనిచేసే క్యూ కాంగ్ తియెన్ చంపి, పీఠమెక్కాడు. దక్షిణాన థాన్ హోవా ప్రాంతంలో ఉన్న అల్లుడు న్గో క్వెన్‌కు కబురందింది. మామను చంపినవాణ్ణి వదిలే మనిషి కాదతను. సేనను కూడగట్టాడు.

హంతకుడికి వణుకు పుట్టింది. కాపాడమంటూ చైనాలోని దక్షిణ హాన్ రాజ్యానికి వర్తమానం పంపాడు. అక్కడి చక్రవర్తి లియు యాన్‌కు కావలసిందీ అదే. 930లో ఈ నేల అతని చేతికి చిక్కింది. మరుసటేడే జువాంగ్ అతని సేనల్ని తరిమేశాడు. ఆ జువాంగ్ ఇప్పుడు లేడు. తన కొడుకు హోంగ్‌చావ్‌కు యుద్ధానికి ముందే ఆ దేశపు రాజు బిరుదు కట్టబెట్టి, నౌకాదళాన్ని అప్పగించాడు లియు యాన్. ముసురు పట్టి ఉంది, సముద్రమార్గం గండం, న్గో క్వెన్ గడుసువాడు, దారి తెలిసిన స్థానికుల్ని వెంటబెట్టుకుని నిదానంగా వెళ్లడం మేలని సలహాదారు షియావ్ యీ మొత్తుకున్నాడు. చక్రవర్తి చెవిన పెట్టలేదు.

ఓడలు రాకముందే న్గో క్వెన్ ద్రోహిని హతమార్చాడు. సగం యుద్ధం అక్కడే గెలిచాడనాలి. వచ్చేవాళ్లకు లోపలినుంచి తలుపు తీసే చెయ్యి లేకుండా పోయింది.

మిగతా సగం నీటి లెక్క. చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. బాక్ దాంగ్ నీరు చేరే టోంకిన్ సింధుశాఖలో సాధారణంగా రోజుకు ఒకే పోటు, ఒకే ఆటు. పెద్ద పోటు నాడు నీరు మూడు మీటర్లకు పైగా లేస్తుంది. తీసిందంటే గంటల తరబడి తీస్తూనే ఉంటుంది. నీరు తగ్గిన వేళ బాక్ దాంగ్ ముఖద్వారంలో జనం మోకాలి లోతు బురదలో దిగి పనిచేసి ఉంటారు. పెద్ద దుంగల మొనలు చెక్కి, వాటికి ఇనుప తొడుగులు వేసి, నది అడుగున దిగ్గొట్టారు. పోటు రాగానే అవన్నీ మునిగిపోయాయి. పైకి చూస్తే ఒట్టి నది.

938 చివర్లో హాన్ ఓడలు వచ్చాయి. పోటు నిండుగా ఉంది. న్గో క్వెన్ చిన్న పడవలు ఎదురెళ్లి, తలపడి, ఓడినట్టు వెనక్కి తిరిగాయి. హోంగ్‌చావ్ వెంటపడ్డాడు, గుంజలు దాటి లోపలికి వచ్చేశాడు. అప్పుడు ఆటు మొదలైంది. పారిపోయిన పడవలే వెనుదిరిగి మీదపడ్డాయి. బరువైన ఓడలు సముద్రం వైపు మళ్లబోయి మొనల మీద కూర్చున్నాయి, అడుగులు చీలాయి. సైన్యంలో సగానికి పైగా నీళ్లపాలైంది. హోంగ్‌చావ్ ప్రాణం పోయింది. దన్నుగా తీరంలో సేనతో కాచుకున్న తండ్రి బావురుమని ఏడ్చి, మిగిలినవాళ్లతో వెనుదిరిగాడు.

చైనా ఏలుబడి క్రీ.పూ. 111లో మొదలైంది. మధ్యలో తిరుగుబాట్లు వచ్చాయి, అణిగాయి. న్గోకు ముందు మూడు దశాబ్దాలుగా ఇక్కడివాళ్లే ఏలినా, చైనా పెట్టిన సైనిక పాలకుడి పదవి పేరునే మోశారు. 939లో న్గో క్వెన్ ఆ పదవిని విడిచి రాజునని ప్రకటించుకున్నాడు. చైనా అధికారులు కూర్చున్న దాయ్ లా కోటను కాదని, పూర్వం ఆన్ జువాంగ్ రాజు ఏలిన కో లోవాలో కొలువుదీరాడు. నన్ను అడిగితే గుంజలు పాతడంకన్నా ఇది పెద్ద తెగువ.

ఏలింది అయిదేళ్లే. 944లో కన్నుమూశాక బావమరిది సింహాసనం లాక్కున్నాడు, తర్వాత పన్నెండుమంది దొరలు దేశాన్ని పంచుకున్నారు. 968లో దిన్ బో లిన్ వాళ్లనందర్నీ లొంగదీసి, రాజు బిరుదుతో ఆగకుండా చక్రవర్తినని చాటుకున్నాడు.