గ్రాస్ ఎంత? నెట్ ఎంత?

మా కురుచికుప్పం ఒడ్డున సముద్రపు పైనీరు దాదాపు 28 డిగ్రీల వెచ్చదనంతో ఉంటుంది. అదే బంగాళాఖాతంలో కిలోమీటరు లోతున నీరు సుమారు 7 డిగ్రీలే. ఈ తేడాతో ఊరికంతా ఉచితంగా కరెంటు తియ్యొచ్చు, ప్రభుత్వమే తొక్కిపెడుతోంది అనే మాట అప్పుడప్పుడు నా చెవిన పడుతుంది. ఇందులో నిజం ఎంతో చూద్దాం.

ఇది 1996లో తమిళనాడులో పుట్టిన మూలికా పెట్రోలు లాంటి బూటకం కాదు. ఈ ఆలోచనను 1881లో ప్రతిపాదించింది ఫ్రెంచి శాస్త్రవేత్త దార్సన్వాల్. చేసి చూపించింది నియాన్ దీపం కనిపెట్టిన జార్జ్ క్లోద్. గాలి తీసేసిన తొట్టిలో వెచ్చని నీరు తక్కువ వేడికే మరుగుతుంది. ఆ ఆవిరి టర్బైన్ తిప్పుతుంది. లోతునుంచి తోడిన చల్లనీరు ఆవిరిని మళ్ళీ నీరు చేస్తుంది.

క్లోద్ 1930లో క్యూబాలోని మతాంజాస్ దగ్గర దాదాపు 2 కిలోమీటర్ల గొట్టం వేశాడు. అంతకుముందు రెండు గొట్టాలు సముద్రం పాలయ్యాయి. చివరికి 22 కిలోవాట్లు వచ్చాయి, బల్బులు వెలిగాయి. కానీ యంత్రాలు నడపడానికి అంతకంటే ఎక్కువ కరెంటు ఖర్చయింది!

నేను రక్షణశాఖ లెక్కల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. రాబడి కాలమ్ ఒక్కటే చూపిస్తే ఏ ఆడిటరూ సంతకం పెట్టడు. 1981లో జపాను వాళ్ళు నౌరు దీవిలో 120 కిలోవాట్లు తీశారు. అందులో 90 ప్లాంటుకే పోయాయి. మిగిలింది 30. ఇది ఇంజనీర్ల చేతగానితనం కాదు. 1824లోనే కార్నో చెప్పిన సూత్రం ప్రకారం 28, 7 డిగ్రీల మధ్య పనిచేసే ఏ యంత్రమైనా నూరు పాళ్ళ వేడిలో 7 పాళ్ళకు మించి పనిగా మార్చలేదు. ఆచరణలో అందులో సగం కూడా కష్టమే. అందుకే నీళ్ళు విపరీతంగా తోడాలి.

మన దేశమూ ప్రయత్నించింది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2000 తర్వాత తూత్తుకుడి దగ్గర 1 మెగావాట్ ప్లాంటు పెట్టబోయింది. 'సాగర్ శక్తి' బార్జి సిద్ధమైంది గాని, పొడవాటి చల్లనీటి గొట్టం దించడం దగ్గర పని చెడింది. క్లోద్‌ను ఏడిపించిందీ గొట్టమే!

అయితే అదే సంస్థ 2005లో లక్షద్వీప్‌లోని కవరత్తిలో అదే సూత్రాన్ని మరో పనికి వాడింది. ఆవిరితో టర్బైన్ తిప్పకుండా, దాన్నే చల్లార్చి రోజుకు లక్ష లీటర్ల మంచినీరు తీసింది. పంపులకు కరెంటు బయటనుంచే ఇవ్వాలి. ఆ సంగతి దాచిపెట్టలేదు. ఉప్పునీటి బావులే దిక్కైన దీవికి ఈ ఖర్చు దండగ కాదు.

మా ఒడ్డు సంగతి వేరు. ఇక్కడ సముద్రం మెల్లగా లోతెక్కుతుంది. కిలోమీటరు లోతు కావాలంటే చాలా దూరం పోవాలి. గొట్టమూ అంత పొడవు కావాలి.

కాబట్టి మిత్రులారా, "ఉచిత కరెంటు" అని ఎవరు చెప్పినా, బాబా అయినా సైంటిస్టు అయినా, ముందు రెండో కాలమ్ చూపించమని అడగండి.