న్యాయమైన కిరాయి, మూసిన దర్వాజ

నవాబుల దేవిడీల గురించి చాలామంది రాశారు. ఒకటో తారీఖు వస్తే గుండె దడదడలాడే మా రిక్షావాళ్ల గురించి, దర్జీల గురించి, మెకానిక్‌ల గురించి ఎవరు రాశారు? 1948 పోలీస్ యాక్షన్ తర్వాత జిల్లాల నుంచి ప్రాణాలు అరచేత పట్టుకొని పట్నం చేరిన మావాళ్లకు దేవిడీలు దొరకలేదు. కిరాయి గదులే దొరికాయి.

చట్టం లేదా? ఉంది. 1954 నాటి హైదరాబాద్ చట్టాన్నీ, ఆంధ్ర ప్రాంతంలో నడిచిన 1949 నాటి మద్రాసు చట్టాన్నీ తీసేసి 1960లో ఆంధ్రప్రదేశ్ పట్టణాలకు ఒకే అద్దె నియంత్రణ చట్టం తెచ్చారు. రెంట్ కంట్రోలర్ 'న్యాయమైన అద్దె' తేల్చాలన్నారు. దానికి కొలబద్ద 1944 ఏప్రిల్ 5కు ముందు పన్నెండు నెలల్లో ఆ ప్రాంతంలో అలాంటి ఇళ్లకు నడిచిన రేటు. కిరాయి కట్టలేదనో, సొంతానికి కావాలనో కారణం రుజువు చేయకుండా ఖాళీ చేయించకూడదన్నారు.

మంచి చట్టమే. కానీ 1957 ఆగస్టు 26 నుంచి కట్టిన ఇళ్లకు వర్తించదని అందులోనే ఒక కన్నం పెట్టారు. 1983లో సుప్రీంకోర్టు ఆ కన్నం మూసింది. అదే ఏడాది డిసెంబరులో ప్రభుత్వం జీవో తెచ్చి, కట్టి పదేళ్లు నిండని భవనాలనూ, నెలకు వెయ్యి దాటిన అద్దెలనూ మళ్లీ బయటికి తీసింది. అపార్టుమెంట్లు లేస్తుంటే చట్టం పాత ఇళ్ల దగ్గరే ఆగింది. మిగిలింది పదకొండు నెలల అగ్రిమెంటు. అప్పట్లో ఏడాది దాటితే రిజిస్టర్ చేయాల్సి వచ్చేది గనుక పదకొండు. పన్నెండో నెలలో ఓనరు చెప్పిందే రేటు.

ఇంతవరకు కిరాయిదార్లందరి కష్టం. మా కష్టం ఇక్కడ మొదలవుతుంది. టులెట్ బోర్డు చూసి గేటు తడితే అద్దె సంగతి తర్వాత, ముందు పేరు. పేరు వినగానే "ఇప్పుడే వేరేవాళ్లకు మాటిచ్చాం". పేరులో తెలియకపోతే "మీరేమిట్లు?" రాజ్యాంగం 15వ అధికరణ దుకాణాల్లో, హోటళ్లలో, బావుల దగ్గర వివక్ష కూడదంది. కిరాయి ఇల్లు ఆ జాబితాలో లేదు. ఇళ్లు దొరకడం లేదన్న ముస్లింల మాటను 2006లో సచార్ కమిటీ రికార్డుకెక్కించింది.

1990, 1992 డిసెంబర్ల తర్వాత భయం కూడా మమ్మల్ని మా గల్లీల్లోకే తోసింది. పది గల్లీల్లోనే ఇల్లు వెతుక్కోవాల్సినవాళ్లకు 'ఆ ప్రాంతంలో నడిచే రేటు' న్యాయమైన రేటు ఎట్లవుతుంది? వేరేచోటికి పోలేమని ఓనరుకు తెలుసు. ఆ సంగతి అగ్రిమెంటులో ఉండదు, రేటులో ఉంటుంది.

మావాళ్లకూ ఒక మాట చెప్పాలి. ఆ గల్లీల్లో ఓనరు చాలాసార్లు మావాడే. సలాం చెప్పి, చాయ్ తాగించి, కిరాయి పెంచుతాడు. వేరేవాళ్లు మూసిన దర్వాజ మీద ఇతను లాభం తింటున్నాడు. భాయీ అని పిలిస్తే కిరాయి తగ్గదు.

2021లో కేంద్రం నమూనా అద్దె చట్టం ఆమోదించింది. ఇంటికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు వద్దంది. గేటు దగ్గర అడిగే పేరు గురించి మాత్రం మాట్లాడలేదు.

సెక్యులర్ మిత్రులారా, మీ సభల్లో మాకు కుర్చీ వేస్తున్నారు, సంతోషం. మీ మేడ మీద గది ఖాళీ అయినప్పుడు ఆ బోర్డు మాకు కూడానా?