పారమట్టా ఓటరు జాబితాలోకి మనం

హారిస్ పార్క్ అనగానే సిడ్నీ తెలుగువాళ్లకు గుర్తొచ్చేది విగ్రమ్ స్ట్రీట్, అక్కడి దోసెలు, బిర్యానీలు. ఎన్నికల వేళ నాయకులు ఓట్లు అడగడానికి వచ్చేదీ ఆ వీధికే. అయితే ఈ పేట ఉన్న పారమట్టా పార్లమెంటు నియోజకవర్గంలో మనలాంటివాళ్ల పేర్లు ఓటరు జాబితాకెక్కడానికి పెద్ద పోరాటమే జరిగింది.

అసలిదంతా పంట భూమి. దారుగ్ ఆదివాసుల నేల మీద 1792లో జేమ్స్ రూస్ అనే మాజీ ఖైదీకి 30 ఎకరాల పట్టా దక్కింది. మరుసటి ఏడాదే ఆ పొలాన్ని సైనిక వైద్యుడు జాన్ హారిస్ కొన్నాడు. పేటకు వచ్చింది ఆయన పేరే.

1901లో దేశంలో తొలి ఫెడరల్ ఎన్నికలు జరిగాయి. అప్పటి పారమట్టా స్థానం ఊళ్లు, తోటలు, కొండలు దాటి బ్లూ మౌంటెన్స్ అవతలి లిత్‌గో బొగ్గు గనుల దాకా సాగేది. గెలిచిన జోసెఫ్ కుక్ కూడా ఒకప్పటి గని కార్మికుడే. లేబర్ పార్టీతో రాజకీయాల్లోకి వచ్చి, ఆ పార్టీతో తెగతెంపులు చేసుకుని, ఎదుటి పక్షంలో ఎదిగాడు. 1913లో ప్రధాని అయ్యాడు. కానీ దిగువ సభలో ఆయన ఆధిక్యం ఒక్క సీటు, సెనేట్ ప్రత్యర్థుల చేతిలో. దాంతో 1914లో ఉభయ సభలనూ రద్దు చేయించి ఎన్నికలకు వెళ్లాడు. దేశ చరిత్రలో అదే తొలిసారి. పారమట్టా ఆయన్ను వదులుకోలేదు గానీ ప్రభుత్వం మాత్రం పోయింది.

కుక్ సభ్యుడిగా ఉన్న తొలి పార్లమెంటే 1902లో మహిళలకు ఓటు ఇచ్చింది. ఆ చట్టమే ఆదివాసులకు, ఆసియా, ఆఫ్రికా మూలవాసులకు తలుపు మూసింది. అప్పటికే రాష్ట్ర జాబితాల్లో ఉన్న కొద్దిమందికి మాత్రమే మినహాయింపు. 1922లో భారత నాయకుడు వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి ఆస్ట్రేలియా అంతా తిరిగి, సామ్రాజ్య పౌరులైన భారతీయులకు ఓటేదని నిలదీశారు. 1924లో మెల్‌బోర్న్‌లో ఉంటున్న భారతీయుడు మిట్టా బుల్లోష్ కోర్టుకెక్కి తన హక్కు గెలుచుకున్నాడు. చివరికి 1925లో చట్టం మారి, బ్రిటిష్ ఇండియాలో పుట్టినవారికి ఓటు వచ్చింది. ఈ నేల అసలు వారసులైన ఆదివాసులు మాత్రం 1962 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక సీటు సంగతి. 1901 నుంచి 1977 దాకా లేబర్ ఇక్కడ గెలిచింది ఒక్కసారే, 1929లో. మిగతా కాలమంతా లేబరేతరులదే. వారిలో గార్ఫీల్డ్ బార్విక్ 1964లో హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా వెళ్లాడు, తర్వాత వచ్చిన నైజెల్ బోవెన్ కూడా న్యాయపీఠానికే చేరాడు. 1973 ఉప ఎన్నికలో విట్లమ్ లేబర్ ప్రభుత్వం గాల్స్టన్‌లో రెండో విమానాశ్రయం కడతామని ప్రకటించి చేతులు కాల్చుకుంది. లిబరల్ అభ్యర్థి ఫిలిప్ రడ్డాక్ గెలిచాడు. 1977లో సరిహద్దులు మారాయి. రడ్డాక్ కొత్త డండాస్ స్థానానికి తరలిపోగా, పారమట్టా లేబర్ నాయకుడు జాన్ బ్రౌన్ వశమైంది. 1996లో లిబరల్ రాస్ కామెరాన్, 2004లో లేబర్ జూలీ ఓవెన్స్, 2022లో లేబర్ ఆండ్రూ చార్ల్‌టన్ గెలిచారు. ఇన్నేళ్లలో పల్లెల సీటు పూర్తిగా నగరపు సీటైంది.

2021 జనాభా లెక్కల్లో హారిస్ పార్క్ నివాసుల్లో 40 శాతానికి పైగా భారత్‌లో పుట్టినవారే. 2023 మేలో మోదీ, ఆల్బనీస్ కలిసి సిడ్నీలో ఇక్కడి ‘లిటిల్ ఇండియా’ ముఖద్వారానికి శిలాఫలకం ఆవిష్కరించారు. అయినా వీధిలో కనిపించే మన జనమంతా ఓటర్లు కారు. విద్యార్థి వీసాల వారికి, ఇతర తాత్కాలిక వీసాల వారికి ఓటు లేదు. పర్మనెంట్ రెసిడెన్సీ ఉన్నా సరిపోదు, పౌరసత్వం కావాలి.

పౌరసత్వం వచ్చాక పేరు నమోదు చేసుకోవడం, ఓటేయడం రెండూ చట్టరీత్యా తప్పనిసరి. జరిమానాకు జడిసి ఓటేసేవాళ్లు ఎందరో. కానీ శాస్త్రి ఊరూరా తిరిగి అడిగింది, బుల్లోష్ కోర్టుకెక్కి సాధించింది ఈ హక్కునే. జాబితాలో మీ పేరుందో లేదో ఈ రోజే చూసుకోండి.