నోర్‌వెనిష్ కోటలో రెండు ట్రాకులు

1968 శరత్కాలం. కొలోన్ నుంచి పడమరగా డ్యూరెన్ వైపు వెళ్లే దారిలో నోర్‌వెనిష్ అనే చిన్న ఊరు. మీరు ఇప్పుడే ఊళ్లోకి అడుగుపెట్టారు. నెత్తిమీద ఆకాశం చిరిగినట్టు చప్పుడైతే ఉలిక్కిపడకండి. ఊరి పక్కనే పశ్చిమ జర్మనీ వైమానిక దళ స్థావరం ఉంది. స్టార్‌ఫైటర్ జెట్ విమానాలు లేచేదీ దిగేదీ అక్కడే. ఆ రొద సద్దుమణిగాక చెవి పెట్టండి. ఇంకో రొద వినిపిస్తుంది. అది కోటలోంచి వస్తోంది.

కోట పాతదే గానీ లోపల రాజూ లేడు, రాణీ లేదు. దాన్ని చూసుకుంటున్న క్రిస్టోఫ్ ఫోవింకెల్‌కు చిత్రకళ అంటే పిచ్చి. ఓ ఏడాది పాటు అద్దె లేకుండా వాడుకోమని, లోపల సంగీతం వాయిస్తున్న ఈ కుర్రాళ్లకు గది ఇచ్చేశాడు. కుర్రాళ్లు అన్నాను గానీ, వీళ్లలో ముగ్గురు ముప్పై దాటినవాళ్లు. రాక్ సంగీతానికి అది ముసలి వయసు. ఆ మాట వాళ్లకూ తెలుసు, పట్టించుకోలేదంతే.

లోపలికి రండి. తీగలు కాలికి తగులుకుంటాయి, చూసి అడుగు వేయండి. కీబోర్డు ముందు ఉన్నది ఇర్మిన్ ష్మిట్. పియానో, ఆర్కెస్ట్రా నిర్వహణ నేర్చినవాడు. 1966లో ఓ సంగీత పోటీ కోసం న్యూయార్క్ వెళ్లి, అక్కడ స్టీవ్ రైక్, టెర్రీ రైలీ లాంటి స్వరకర్తల సావాసంలో పడి, పోటీ సంగతి గాలికొదిలి తిరిగొచ్చాడు. బేస్ గిటారు పట్టుకున్న హోల్గర్ చుకాయ్ కుర్రతనంలో రేడియోలు బాగుచేసే దుకాణంలో పనిచేశాడు, తర్వాత ష్మిట్ లాగే స్వరకర్త స్టాక్‌హౌజన్ దగ్గర చదువుకున్నాడు. గిటారు వాయిస్తున్న మిషాయెల్ కరోలి చుకాయ్ శిష్యుడు. ఇరవై ఏళ్లవాడు. బీటిల్స్ పాట వినిపించి గురువు చెవిని రాక్ వైపు తిప్పిన శిష్యుడు.

డ్రమ్ములు వాయించే యాకి లీబెట్‌సైట్ దగ్గర కాసేపు నిలబడండి. నిన్నమొన్నటి దాకా మాన్‌ఫ్రెడ్ షూఫ్ బృందంలో ఫ్రీ జాజ్ వాయించినవాడు. తాళం, లయ అనే కట్టుబాట్లే లేని సంగీతం అది. అందులోనే విసిగిపోయాడు. నువ్వు ఒక్కటే తీరుగా వాయించాలి అని ఎవడో అపరిచితుడు తనతో అన్నాడని తర్వాత చెప్పుకునేవాడు. ఇప్పుడు అదే చేస్తున్నాడు. వంకర్లు లేవు, విన్యాసాలు లేవు. తీసుకున్న నడకను పట్టుకుని కూర్చుంటాడు. పది నిమిషాలు గడుస్తాయి, అదే నడక. మీకు విసుగు పుట్టే క్షణం ఒకటి వస్తుంది. దాన్ని ఓర్చుకోండి. అది దాటాక మీ కాలు మిమ్మల్ని అడక్కుండానే ఆడుతుంది.

ఈ గదిలో మొదటి కచేరీ ఆ ఏడాది జూన్‌లోనే జరిగింది. అప్పుడు డేవిడ్ జాన్సన్ అనే అమెరికన్ కూడా ఉన్నాడు, వేణువూ టేపులూ చూసుకునేవాడు. పారిస్‌లో మే నెల అల్లర్లలో వీధుల్లో పట్టిన చప్పుళ్లను కూడా ఆ రోజు సంగీతంలో కలిపేశారు. పాట అనదగ్గది లేదు. ఆ రికార్డింగు 1984లో గానీ క్యాసెట్‌గా బయటికి రాలేదు. దాన్ని విన్నవాడికి ఒకటి తెలిసిపోతుంది: వీళ్లకు చదువు ఎక్కువైంది, గొంతు తక్కువైంది.

ఆ గొంతు ఇదిగో, మైకు ముందుంది. మాల్కమ్ మూనీ. న్యూయార్క్ నుంచి వచ్చిన నల్లజాతి శిల్పి. ష్మిట్ భార్య హిల్డెగార్డ్‌తో పారిస్‌లో పరిచయమై, కొలోన్‌లో చిత్రకారుల మధ్య ఏదైనా దారి దొరుకుతుందేమోనని వచ్చాడు. పాడటానికి రాలేదు. వీళ్లు వాయిస్తుంటే మైకు పుచ్చుకున్నాడు, అంతే. లీబెట్‌సైట్ కర్ర ఎక్కడ పడుతుందో మూనీ మాట అక్కడే పడుతుంది. నాలుగు మాటలు దొరికితే చాలు, వాటినే తిప్పి తిప్పి అంటాడు. అర్థం అరిగిపోయి చప్పుడు మిగిలే దాకా అంటాడు. బృందానికి 'ద క్యాన్' అన్న పేరు సూచించింది కూడా ఇతనే. అంతకు ముందు వీళ్ల పేరు ఇన్నర్ స్పేస్. ఆ పేరు స్టూడియోకు మిగిలింది.

ఇక ఆ మూలకు నడవండి. నేను మిమ్మల్ని ఇంత దూరం తీసుకొచ్చింది దాన్ని చూపించడానికే. రెండు రీవాక్స్ టేపు రికార్డర్లు. ఒక్కో దాంట్లో రెండే ట్రాకులు, ఎడమ ఒకటి, కుడి ఒకటి. లండన్ స్టూడియోల్లో అప్పటికి నాలుగు, ఎనిమిది ట్రాకులు ఉన్నాయి. అక్కడ గొంతు తక్కువైతే తర్వాత పెంచుకోవచ్చు, గిటారు చెడితే అదొక్కటే మళ్లీ వాయించుకోవచ్చు. ఇక్కడ ఆ వీల్లేదు. డ్రమ్ము ఎక్కువ పడిందంటే శాశ్వతంగా ఎక్కువే. అందుకని వాయించేటప్పుడే ఒకరికొకరు చోటు వదులుకోవాలి. పైన ఇంకేదైనా చేర్చాలంటే మొదటి మిషన్‌లోది మోగిస్తూ, దాంతోపాటు కొత్తది వాయిస్తూ, రెండూ కలిపి రెండో మిషన్‌లోకి ఎక్కించాలి. ఎక్కించిన ప్రతిసారీ బుస్సుమనే శబ్దం ఒక పొర పెరుగుతుంది. ఈ రికార్డుల్లో గది గాలి కూడా వినిపిస్తుందని అభిమానులు మురిసిపోతుంటారు. అందులో సగం ఈ బుస్సే!

వాయింపు ఆగింది. అందరూ లేచారు. చుకాయ్ మాత్రం గిటారు పక్కన పెట్టి మిషన్ దగ్గరికొచ్చాడు. చూడండి. పావు అంగుళం వెడల్పు టేపు. రెండు స్పూళ్లనూ రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ మెల్లగా ఆడిస్తున్నాడు. స్పీకర్లోంచి ఓ మూలుగు, ఓ గురక. ఆ మూలుగులో డ్రమ్ము దెబ్బ మొదలయ్యే చోటు వెతుకుతున్నాడు. దొరికింది. టేపు వీపున పెన్సిలు గీత. టేపును గాడిలో పరిచి, బ్లేడుతో ఏటవాలుగా ఒక్క కోత. ఇంకెక్కడో ఇంకో గీత, ఇంకో కోత. మధ్య ముక్క నేల మీద పడింది. రెండు కొసలూ చేర్చి అంటుపట్టీ వేసి, గోటితో రుద్ది, మళ్లీ తిప్పాడు. అతుకు పడిందని వింటే తెలియదు. లీబెట్‌సైట్ నడక చెదరకపోవడం వల్లే ఇది సాధ్యం. ఎక్కడ కోసినా, ఎక్కడ అతికినా లయ కలిసిపోతుంది. ఆ డ్రమ్మర్ లేకపోతే ఈ బ్లేడుకు పని లేదు.

1969లో 'యూ డూ రైట్' అనే పాటను ఇలాగే చేశారు. గంటల తరబడి వాయించిన వాయింపును కోసి, అతికి, ఇరవై నిమిషాలకు తెచ్చారు. అది ఆ ఏడాది వచ్చిన మొదటి ఆల్బమ్ 'మాన్‌స్టర్ మూవీ'లో ఒక వైపంతా ఆక్రమించింది. మొదట 500 కాపీలే వేశారు. అట్ట మీద మాత్రం, మెరుగైన పరికరాలతో కోటలో తయారైనది అని దర్జాగా రాసుకున్నారు. రెండు ట్రాకుల మిషన్లను ఇప్పుడే చూశారుగా, ఆ వెటకారం మీకు అర్థమవుతుంది.

నిజానికి అది వాళ్లు సిద్ధం చేసిన మొదటి ఆల్బమ్ కాదు. అంతకు ముందే ఒకటి తయారైంది. 'ప్రిపేర్డ్ టు మీట్ దై నూమ్' అని పేరు కూడా పెట్టారు. తీసుకుని తిరిగితే ఏ కంపెనీ ముట్టుకోలేదు. టేపు బీరువాలోకి పోయింది. ఆ కోట రికార్డింగులు 1981లో, హిల్డెగార్డ్ నడిపే స్పూన్ రికార్డ్స్ నుంచి 'డిలే 1968' పేరుతో వచ్చాయి. అప్పటికి బృందమే విడిపోయి రెండేళ్లయింది.

కంపెనీలు ఎందుకు వద్దన్నాయో వింటే తెలుస్తుంది. 'బటర్‌ఫ్లై' ఎనిమిది నిమిషాలకు పైగా ఒక్కచోటే నిలబడి కాలుతుంది. 'నూమ్' అరనిమిషం కూడా ఉండదు. 'లిటిల్ స్టార్ ఆఫ్ బెత్లెహెమ్' ఓ కప్పల కథ, పాటా కాదు, మాటా కాదు. వీటి మధ్యలో 'థీఫ్' ఉంది. నెమ్మదిగా నడిచే పాట. మూనీ దేవుణ్ని నిలదీస్తున్నాడో, బతిమాలుతున్నాడో తెలియని గొంతుతో పాడతాడు. పై స్వరానికి వెళ్లిన చోట గొంతు పగులుతుంది. మళ్లీ పాడించలేదు, పగిలినదాన్నే ఉంచారు. మూడు దశాబ్దాల తర్వాత రేడియోహెడ్ వాళ్లు ఈ పాటను వేదికల మీద పాడారు. వాళ్లు చక్కగా పాడారు. చిక్కంతా ఆ చక్కదనంలోనే ఉంది.

మూనీ ఎక్కువ కాలం నిలవలేదు. మానసికంగా కుంగిపోయి, వైద్యుల సలహా మీద అమెరికా వెళ్లిపోయాడు. ఆ తర్వాత పాడటానికి డామో సుజుకి వచ్చాడు. కోట నుంచి మకాం 1971లో వైలర్స్‌విస్ట్ అనే ఊళ్లో ఓ పాత సినిమా హాలుకు మారింది. గోడల నిండా సైన్యం వాడి పారేసిన పరుపులు, 1500 దాకా. చివరికి ఆ స్టూడియోను గ్రోనౌలోని రాక్ సంగీత మ్యూజియానికి అమ్మి, విప్పి తరలించేటప్పుడు బీరువాల్లోని టేపులు బయటికొచ్చాయి. ముప్పై గంటలకు పైగా సంగీతం, చాలావాటి మీద సరైన చీటీ కూడా లేదు. ష్మిట్, మ్యూట్ రికార్డ్స్ డేనియల్ మిల్లర్ కూర్చుని విని ఏరారు, జోనో పాడ్‌మోర్ ఎడిట్ చేశాడు. 2012లో 'ద లాస్ట్ టేప్స్' పేరుతో మూడు సీడీలుగా వచ్చింది. పోయిన టేపులట! ఎక్కడికీ పోలేదు, ఎవరూ తెరిచి చూడలేదంతే.

అందులో 'మిలియోనెన్‌ష్పీల్', 'వెయిటింగ్ ఫర్ ద స్ట్రీట్‌కార్' వినండి. రెండోదాంట్లో మూనీ ట్రామ్ కోసం ఎదురుచూస్తున్నారా అని పది నిమిషాల పాటు అడుగుతూనే ఉంటాడు. చప్పటి చోట్లు, సాగదీతలు అక్కడక్కడా ఉన్నాయి, కాదనను. మూడు గంటల్లో ఓ గంట తీసేసినా నష్టం లేదు. కానీ 'డిలే 1968'లో తీసేయాల్సింది ఏదీ లేదు. నన్నడిగితే వీళ్ల పేరుమోసిన ఆల్బమ్‌ల కంటే ముందు వినాల్సింది అదే. ఫోను స్పీకర్లో మాత్రం వద్దు, అందులో చుకాయ్ బేస్ వినపడదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 'థీఫ్'తో మొదలుపెట్టండి.