‘నిరూపించినది’: దస్తావేజు నుండి లాగిన్ వరకు మూడవ వ్యక్తి సాక్ష్యం

పాలకొల్లు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదైన పాత భూమి దస్తావేజులలో, రాష్ట్రంలోని ఇతర కార్యాలయాల దస్తావేజులలో వలెనే, రిజిస్ట్రారు రాతల నడుమ రెండు చిన్న శీర్షికలు కనిపిస్తాయి: ‘వ్రాసి యిచ్చినట్లు ఒప్పుకొన్నది’, ‘నిరూపించినది’. మొదటిదాని కింద అమ్మినవారి సంతకమో వేలిముద్రో ఉంటుంది. రెండవదాని కింద ఆ మనిషిని ఎరిగినవారు సంతకాలు చేస్తారు. ఎదుట నిలిచిన వ్యక్తి ఎవరో రిజిస్ట్రారు నిర్ధారించుకోవాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 34, 35 సెక్షన్లు చెబుతున్నాయి. తానెరగని మనిషి వచ్చినప్పుడు ఎరిగినవారి మాటే ఆయనకు ఆధారం. ఆ మాట బూటకమైతే 82వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

ఒప్పుకోవడం వేరు, నిరూపించడం వేరు. దస్తావేజు రాతలో స్థిరపడిన ఈ తేడా వెబ్ ప్రపంచానికి ఆలస్యంగా అందింది. తొలిరోజులలో ప్రతి వెబ్‌సైటూ తన పాస్‌వర్డును తానే దాచుకొనేది. కొన్ని సైట్లు మిత్రుల చిరునామాల కోసం వాడుకరి ఈమెయిల్ పాస్‌వర్డునే అడిగేవి. ఇల్లు చూపమన్నవాడికి తాళంచెవి ఇచ్చినట్లన్నమాట. 2005లో వచ్చిన ఓపెన్‌ఐడీ గుర్తింపును మూడవ సంస్థకు అప్పగించింది గాని, తన గుర్తింపును ఒక వెబ్ చిరునామాగా టైపు చేయడం సామాన్య వాడుకరికి కొరుకుడు పడలేదు. 2007లో రూపొందిన ఓఆత్ పాస్‌వర్డుకు బదులు పరిమిత అనుమతినిచ్చే టోకెన్‌ను ప్రవేశపెట్టింది. 2012 అక్టోబరులో దాని రెండవ రూపం ప్రమాణమైంది.

అయితే ఓఆత్ ఇచ్చేది అనుమతి మాత్రమే. దానిని తెచ్చినది ఎవరో అది చెప్పదు. నిర్మాతలు దానినే లాగిన్‌కు వాడారు. ఫలితంగా ఒక యాప్ తనకందిన టోకెన్‌ను మరొక యాప్‌కు చూపి, వాడుకరి పేరుతో లోపలికి వెళ్లగల సందు ఏర్పడింది. ‘ఒప్పుకొన్నది’ కిందనున్న వేలిముద్రను ‘నిరూపించినది’గా చదువుకోవడమే ఈ పొరపాటు. 2014 ఫిబ్రవరిలో వెలువడిన ఓపెన్‌ఐడీ కనెక్ట్ దీనిని సరిదిద్దింది. దాని గుర్తింపు టోకెన్‌లో సాక్ష్యమిచ్చిన సంస్థ, వాడుకరి, ఏ యాప్ కోసం, ఎంతవరకు చెల్లుతుంది అన్నవన్నీ ఉంటాయి. కింద సంస్థ డిజిటల్ సంతకం ఉంటుంది.

గోదావరికి ఆవలి తీరాన తూర్పు గోదావరి జిల్లాలో 2012లో రేషన్ దుకాణాలకు ఆధార్ ధ్రువీకరణను ప్రయోగాత్మకంగా తెచ్చినప్పుడు సాక్షి స్థానంలోకి యంత్రం వచ్చింది. అది చెప్పేది ‘అవును’ లేదా ‘కాదు’. కూలిపనిలో గీతలరిగిన వేలు దానికి అపరిచితం. ఊరి సాక్షి ముఖం చూసి గుర్తుపట్టేవాడు.

మరొక భేదం ఇంతకన్నా లోతైనది. దస్తావేజుపై సాక్షి సంతకం చేసి ఇంటికి వెళ్లిపోతాడు; ఆ పొలానికి ఎవరు ఎన్నిసార్లు వెళ్లారో లెక్క పెట్టడు. లాగిన్ సాక్షికి వాడుకరి ఏ యాప్ తలుపు ఎప్పుడు తట్టాడో ప్రతిసారీ తెలుస్తుంది. ఆ సంస్థ ఖాతాను మూసివేస్తే దానిపై ఆధారపడిన తలుపులన్నీ ఒకేసారి మూసుకుంటాయి. ఆధార్ విషయంలో సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో ధ్రువీకరణ వివరాలను ఆరు నెలలకు మించి ఉంచరాదని చెప్పింది. గూగుల్, ఫేస్‌బుక్ ఖాతాలతో జరిగే లాగిన్లకు ఆ గడువు వర్తించదు.